లచ్చవ్వ వాపసు తీసుకున్న గుమ్మడికాయ

ఆగాగు అరవిందూ, ఆ ఫోన్ల ఇంకేం ఒత్తకు. నాకు చెవులు మంచిగనే వినవడుతయి గని ఇంకోసారి జెప్పు, లోను దేనికన్నవు? చర్చికి మైకుసెట్టా? ఓహో. మీ తాత బాలరాజు పేరు మీద, వచ్చే ఆదివారం కోతపండుగ నాడు, అందరి ముంగట. డబ్బా మీద పేరు సుత రాపిస్తవా? మంచిదే కొడుకా, వద్దనెటానికి నేనెవన్ని. నీ సెల్లు దుకాణం కిరాయి నువ్వు ఎట్ల కడుతున్నవో నీకే ఎరుక, నీ పెండ్లాం దీపకు నెలలు దగ్గర పడ్డయని మా ముసల్ది జెప్పింది. గవన్నీ నేనెందుకు అడుగుత. గని మీ తాత ఉండి ఈ మాట ఇంటే ఏమంటుండెనో తెల్సా? లచ్చవ్వ ఉంటే ఏమనునో జర సోంచాయించురా అంటుండె. ఏ లచ్చవ్వనా? గది సూడు. తాత పేరు డబ్బా మీద కావాలె గని తాత కత తెల్వదు. కూసో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతది, గీ మంచం మీద కూసో.

లచ్చవ్వది మేడిపల్లి దిక్కు. మొగడు పోయినంక సిరిసిల్లకు అచ్చి, చర్చి ఎనుక పెంకల ఇంట్ల కిరాయికుండి బీడీలు చేసుకుంట బతికింది. పిల్లల్లేరు. మనిషి గింతంతే, నోరు మాత్రం గా మూల దాక ఇనవడేది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం దేవునికని తీసి ఒక ముంతల పోసేది. అది మన చర్చిల ఆడోళ్ళందరు జేసేదే, కొత్తేం కాదు. ఆమె ఇంకో ముంత సుత పెట్టేది. గిదేందవ్వా అంటే, 'ఇది పని దొరకని దినానికి. దేవుడు తెలివి ఇచ్చింది దేనికిరా, తలకాయ మీద రుమాలు కట్టుకునెటానికా?' అనేది. నన్నైతే ఊకె సతాయించేది. నేను హోటల్ల రెండో చాయ తాగుతుంటే బయటికెల్లి సూసి, 'భూమయ్యా, మొదటి చాయ యాడికి పోయింది?' అనేది. నాకు మస్తు కోపమచ్చేది. అందరు పిసినారి లచ్చవ్వ అనేటోళ్ళు, నేను సుత అన్న. గని బుధవారం ప్రార్థనల ఆడోళ్ళకు ఆమె జెప్పే మాటలు నాకు ఇప్పటికీ యాదికున్నయి. 'గోపురం కట్టాలనుకున్నోడు ముందుగాల కూసోని, ఆఖరిదాక కట్టెటానికి నా దగ్గర ఉన్నదా లేదా అని సూసుకుంటడని ప్రభువు జెప్పిండు గదనే. ప్రభువు గంత పెద్దమాట గోపురాలు కట్టేటోళ్ళకే జెప్పిండనుకున్నరా, మీ వంటింట్లకు సుత జెప్పిండు' అనేది.

ఆ, కోతపండుగ ముచ్చట గదా. ఇప్పుడు మీరు పైసలు కవర్లల్ల పెట్టి ఇస్తున్నరు గని, మా దినాలల్ల మొదటి పంటనే పట్టుకచ్చేది. మక్కకంకులు, కోళ్ళు, పసుపుకొమ్ములు, అన్ని తెచ్చి చర్చి అయ్యగారి ముంగట పెడితే, ప్రార్థనైనంక వాటిని పాట పెట్టేది. ఎవలెక్కువ పాడితే వాళ్ళకు, పైసలు చర్చికి. పాట పెట్టేది ఎవలు? నేనే. గప్పుడు నా గొంతు ఎట్లుండె, మైకులేందిరా, మానేరు వాగు అవుతలి దాక ఇనవడేది. నవ్వకు.

ఆ ఏడు లచ్చవ్వ గుమ్మడికాయ తెచ్చింది. ఆమె ఇంటి కప్పు మీద తీగ పారి కాసిన ఒకే ఒక్క కాయ. మంచిగ గుండ్రగ ఉన్నది, ఐదు రూపాలకు పోవాలె. మీ జమున నానమ్మ తమ్ముడు ఉంటుండె గదా, దుబాయికెల్లి అప్పుడే అచ్చిండు, సెంటు వాసన, చేతికి గడియారం. ఆయిన లేసి పది అన్నడు. మీ తాత ఇరవై అన్నడు. బామ్మర్ది యాభై. మీ తాత నూరు. ఇగ జూడు, చర్చంత చప్పట్లు. బావ, బామ్మర్ది ఒకలి మొఖం ఒకలు సూసుకుంట పాడుతున్నరు. ఇద్దరికి గుమ్మడికాయ తోటి ఏం పనిలేదు. ఆఖరుకు ఐదు నూర్లకు మీ తాత మీద ఆగింది. నేను మూడోసారి అని చెయ్యి లేపిన, లచ్చవ్వ ఆడోళ్ళల్లకెల్లి లేసి అచ్చింది, సక్కగ అచ్చి కాయను సంకల పెట్టుకున్నది. 'నా కాయ నేను ఇయ్య' అన్నది.

అయ్యగారిది గుంటూరు దిక్కు, మెత్తటి మనిషి. 'లచ్చమ్మగారూ, దేవునికి ఇచ్చింది మళ్ళీ తీసుకోకూడదమ్మా' అన్నడు. 'నా మనసొప్పుత లేదయ్యా, దేవునికి నేను జెప్పుకుంట' అన్నది. గంతే. ఇంకో ముక్క లేదు. ఇగ మంది ఊకుంటరా? 'దేవుని నోటికాడిది గుంజుకున్నది సూడున్రి', 'రేటు సూసి ఆశ పుట్టింది, అంగట్ల అమ్ముకుంటది' అని. ఎవలో పిల్లలైతే నవ్విన్రు. మీ తాతైతే మొఖం ఎర్రగ జేసుకోని, తీసిన నోట్లు మల్ల జేబుల పెట్టుకోని ఎల్లిపోయిండు. ఆమె దిక్కు సూడనన్న సూడలే. ఆమె మాత్రం కాయను ఎత్తుకోని అందరి నడుమకెల్లి నడిచిపోయింది. ఎంత నొచ్చుకున్నదో ఏమో, మనకేం కనవడనియ్యలే.

అసలు సంగతేందంటే, అది నాకు ఏడాది దాక తెల్వలే. గా పండుగ వారంల మీ తాత బట్ట నేసే సాంచ మోటరు కాలిపోయింది. మీకు సాంచలంటే చప్పుడే యాదికుంటది గని, మాకు అది ఆగితే పొయ్యి ఆగినట్టే. నూలు ఇచ్చే ఆసామి ఏమన్నడు? 'సోమవారం దాక మోటరు ఎయ్యకపోతే నూలు ఇంకోగనికి ఇస్త' అన్నడు. నూలు పోతే ఇగ బొంబాయికి వలసపోయే బతుకే. జమున తన కమ్మలు కుదువబెట్టి పైసలు తెచ్చి మీ తాత చేతుల పెట్టింది. సోమవారం పొద్దుగాల మోటరు తేవాలె. పాట నాడు గా నోట్లే మీ తాత జేబుల ఉన్నయి. తమ్మునికి కనవడద్దని జమున ఆ దినమంత కొంగు చెవుల మీదికి కప్పుకోని కూసున్నది. మొగడు పాడుతుంటే నోరు తెరువలేదు, దేవుని కాడ పాడేటోన్ని ఎట్ల ఆపుతది చెప్పు. గా కొంగును లచ్చవ్వ సూసింది. దినాం పక్కపక్కన కూసోని బీడీలు చేసేటోళ్ళు, కమ్మల సంగతి ఆమెకు తెల్వకుంటెట్ల? 'నీ మోటరు పైసలురా గవి' అని అందరి ముంగట అంటే బామ్మర్ది ముందర మీ తాత పరువు ఉంటుండెనా? అందుకని పేరు తాను చెడగొట్టుకున్నది. తెల్లారి సగం కాయ జమునకిచ్చి, సగం తన వాడోళ్ళకు కోసి పంచింది. సోమవారం సాంచ నడిచింది.

ఏడాదంత దేవుని కాయ గుంజుకున్న లచ్చవ్వ అన్నరు. అసలు సంగతి చెప్పుకుంటే ఆ చెడ్డపేరు పోతుండె. చెప్పలే. జమున చెప్తనంటే వద్దన్నదట, 'వాని పాటల వాని పేరు తప్ప దేవుడు లేకుండె, అది వానికే తెలిసిరావాలె' అన్నదట. మీ తాతకు సుత మెల్లమెల్లగ సంగతి సమజైంది, ఆమె ఎదురైతే సిగ్గుపడేటోడు. వేరే దారిల పోయేటోడు. నాకు ఇప్పుడు తలుసుకుంటే పాపమనిపిస్తది, ఇద్దరి మీద.

మల్ల కోతపండుగ అచ్చింది. మీ తాత ఈసారి పైసలు తేలే. గా మోటరు మీద నేసిన తువ్వాల ఒకటి తెచ్చిండు. అప్పటికి కమ్మలు ఇడిపిచ్చిండు, జమున కొంగు ఎనుకకు ఏసుకోని కూసున్నది, నాకు మంచిగ యాదికున్నది. నేను తువ్వాలను చేతుల పట్టుకోని పాట మొదలువెట్టబోయిన. 'ఆగు భూమయ్యా' అని లేసిండు. బామ్మర్ది అక్కడే ఉన్నడు. అందరు ఇంటున్నరు. 'పోయినేడు లచ్చవ్వ కాయ గుంజుకోలే. నా ఇల్లు నాకిచ్చింది' అన్నడు. మోటరు, కమ్మలు, అన్ని చెప్పిండు. ఏం దాచలే. అయ్యగారు కండ్లద్దాలు తీసి తుడుసుకుంటాండు.

లచ్చవ్వ ఏమన్నదనుకున్నవు? 'ఇగ సాలుగని, తువ్వాల పాట పెట్టున్రి, అన్నం చల్లారుతాంది' అన్నది. నడుముకాడ సంచిల చెయ్యిపెట్టి, 'రెండు రూపాలు' అన్నది. నేను ఒకటోసారి అన్న. ఎవ్వలు పాడలే. రెండోసారి అన్న, ఆగి సూసిన. అంత మంది ఉన్నరు, పైసలున్నోళ్ళు ఉన్నరు, దుబాయి ఆయిన ఉన్నడు. ఒక్కరు నోరు తెరువలే. ఆ తువ్వాల ఆమెకే పోవాలని అందరికి అనిపించింది. మూడోసారి అని తువ్వాలను ఆమె చేతుల పెట్టిన. చర్చికి గంత తక్కువ పాట ఎన్నడు రాలే, గంత మంచి పాట సుత రాలే.

ఆమె ఆ తువ్వాలను వాడలే. మడిచి పెట్టుకున్నది. ఆమె సచ్చిపోయిన దినం మీ తాత ఆ తువ్వాల ఎతికిచ్చి, శవపెట్టెల ఆమె తలకింద పెట్టిండు. తన చేతులతోనే పెట్టిండు.

ఊఁ.

దీపను అడిగినవా? లోను సంగతి? ... అడగలే. సరే, ఫోను జేబుల పెట్టు. గదిగో దడి మీద సూడు, ఆకు సాటుకు ఉన్నది, గుమ్మడికాయ. మంచిగ పండింది. తెంపుకపో. పండుగకు కాదురా, ఇంటికి.