పచ్చి కర్ర తలుపు

స్నానాలగది లోపల వడ్రంగి మేస్త్రి. బయట ఆ ఇంటి పిల్ల. మధ్యలో మూసుకున్న తలుపు.

“అమ్మడూ! ఇదిగో, తలుపు రావట్లేదు. కాస్త అటు నుంచి నెట్టు.”

“నెడుతున్నాను మేస్త్రి గారూ. కదలట్లేదు.”

“గట్టిగా నెట్టు తల్లీ. అన్నం తినలేదా ఏంటి?”

“తిన్నాను. మీరూ లాగండి. మీరు చేసిన తలుపేగా, మీ మాట వింటుంది.”

“వెటకారమా? నోట్లో నాలుక లేని పిల్లవనుకున్నానే. మీ నాన్న ఏడీ?”

“మేడ మీద కొలతలు తీస్తున్నాడు. అయిదు తలుపులు, రెండు అలమారలు. ఇద్దరు మేస్త్రీల్ని అనుకున్నాడు. మీ వైపే మొగ్గుతున్నాడు.”

“మొగ్గడా మరి! పిలువు, పిలువు.”

“పిలుస్తాను. ముందు ఒక్కటి చెప్పండి. పోయిన వానాకాలం నానమ్మ లోపల ఉన్నప్పుడు ఇలాగే బిగుసుకుంది కదా. అప్పుడు మీరేమన్నారు?”

“ఆ పాత గోల ఇప్పుడెందుకమ్మా?”

“‘నా తలుపు నిక్షేపంలాంటిది. పిల్లే టీవీ ముందు కూర్చుని పట్టించుకోలేదు’ అన్నారు. వీధి వీధంతా అన్నారు.”

“ఏదో మాటవరసకి...”

“మాటవరసకే! నాన్న అదే నమ్మాడు. ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడితే ఒట్టు.”

“ముందు తలుపు సంగతి చూడవే!”

“నానమ్మ కూడా అదే అంది. తలుపు తియ్యవే, తలుపు తియ్యవే అని నలభై నిమిషాలు అంది. తర్వాత అనలేదు. మీకింకా పది కూడా కాలేదు.”

“ఊపిరాడట్లేదు తల్లీ.”

“కిటికీ ఉందిగా. దాన్ని కొలుస్తాననే కదా లోపలికెళ్లారు.”

“నీకు దణ్ణం పెడతాను. గునపం తెచ్చి కింది మూలన దోపి పైకెత్తు. ఉబ్బేది అక్కడే.”

“ఎందుకు ఉబ్బుతుంది?”

“కర్ర కదా... వానకి...”

“వాన వీధిలో అందరి ఇళ్ల మీదా పడింది. మా ఒక్క తలుపే ఎందుకు బిగుసుకుంది?”

“ముందు గునపం తే తల్లీ, తర్వాత చెప్తాను.”

“తర్వాతా? సరే, నేను పోయి టీవీ చూసుకుంటాను.”

“ఉండు ఉండు! వెళ్లకు. పచ్చి కర్ర. సరేనా? పచ్చి కర్ర.”

“గట్టిగా. తలుపు అడ్డం, వినబడట్లేదు.”

“పచ్చి కర్రమ్మా! చిత్రిక పడుతుంటే పొట్టు తడితడిగా చేతికి అంటుకుంది. ఇంకో ఆర్నెల్లు నీడలో ఆరాలి. మీ నాన్న తొందరపెట్టాడు, నేను రెండు పూతలు రంగేసి బిగించేశాను.”

“అయితే ఆ రోజు నేను నెట్టకపోవడం వల్ల కాదా?”

“నువ్వు కాదు, నీ బాబు నెట్టినా వచ్చేది కాదు!”

“అది మీకెప్పుడు తెలిసింది?”

“ఆ రోజే తెలుసు. ఆవిడ పోయిందని వినగానే తెలుసు. నీ తప్పు లేదు. చాలా? ఇక మీ నాన్నని పిలువు, నీకు పుణ్యముంటుంది.”

“పిలవక్కర్లేదు. మెట్ల మీదే ఉన్నాడు. నాన్నా, విన్నావా?”

“విన్నాను తల్లీ. మొత్తం విన్నాను.”

“అన్నా! అదీ... భయంలో నోటికొచ్చింది వాగేశాను అన్నా. చిన్నపిల్ల మాటలు పట్టుకోకు. ముందు ఈ తలుపు పగలగొట్టించు!”

“మీ తలుపు నాన్న ఆ రోజే గొడ్డలితో పగలగొట్టాడు మేస్త్రి గారూ. ఇది ఆ రెండో మేస్త్రి చేసింది. రంగు మాత్రం పాతదే వేయించాం. చిటికెన వేలితో నెడితే వస్తుంది, నేను బయట గడియ పెట్టానంతే.”