మూడేళ్లలో ఆరువందల కిలోమీటర్లు

సభకు అధ్యక్షత వహిస్తున్న డాక్టర్ విద్యాసాగర్ గారికి, ముందు వరుసల్లో ఉన్న పెద్దలకు, వెనక కూర్చుని ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు, వంటగది తలుపు సందులోంచి వింటూ బిర్యానీకి కాపలా కాస్తున్న మిత్రులకు నమస్కారం. ఈ కివీల దేశంలో, మన పామర్‌స్టన్ నార్త్‌లో ఇరవై రెండేళ్లపాటు, బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని సర్టిఫికెట్టిచ్చే వారెంట్ స్టేషన్‌లో మీ కార్లకు బ్రేకులూ టైర్లూ తనిఖీ చేసి, పోయిన శుక్రవారం రిటైరైన రాఘవయ్యని నేను. శాలువా కప్పుతారని ముందే చెప్పి ఉంటే కాస్త మంచి చొక్కా వేసుకొచ్చేవాణ్ణి. (నవ్వులు)

మన ఊళ్లో తెలుగువాళ్ల కార్లన్నీ ఈయన చేతుల మీదుగానే వెళ్లాయని అధ్యక్షులవారు అన్నారు. నిజమే కానీ, అన్నీ పాసయి వెళ్లలేదు. మన సంఘం కార్యదర్శి శశిధర్ కారుని మూడుసార్లు ఫెయిల్ చేశాను. టైర్లు బోడిగుండులా ఉంటే "మనవాళ్లమే కదా అంకుల్, చూసీ చూడనట్టు పోనివ్వండి" అన్నాడు. మనవాడు కాబట్టే ఫెయిల్ చేశాను నాయనా, బయటివాడయితే అంత బెంగ పడేవాణ్ణి కాదు. (నవ్వులు)

ఆ శశిధరే ఇవాళ నా చేతికి మైకిస్తూ, "అంకుల్, ఇప్పటి అమెరికన్ కార్లలో ఏవి రేపు దాచుకునే వస్తువులవుతాయో, ఒక్క ఐదు నిమిషాలు చెప్పండి" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా మీరంతా నన్ను అడిగింది ఒకటే ప్రశ్న, తక్కువలో మంచి టయోటా ఏదీ అని. అడిగారు, చెప్పాను, కొనుక్కున్నారు, వెళ్లిపోయారు. నాకు ప్రాణమైన సంగతి గురించి నేను ఊరు వదిలి టౌరంగా వెళ్లిపోతున్నానని తెలిశాక గానీ ఎవరూ అడగలేదు. నిష్ఠూరమనుకోకండి. కొంచెం నిష్ఠూరమే అనుకోండి, పోనీ.

సరే, చెప్తాను. ఏ కారయినా రెండు కారణాలవల్ల దాచుకునేదవుతుంది. అది తన రకంలో ఆఖరుదైనా కావాలి, ఇంకెవరూ చెయ్యడానికి సాహసించనిదైనా కావాలి. డాడ్జ్ వాళ్ల వైపర్ ఉంది, పది సిలిండర్ల రాక్షసి, రెండేళ్ల కిందట, రెండువేల పదిహేడులో, తయారు చెయ్యడం మానేశారు, ఇక అలాంటిది రాదు. కార్వెట్ ఉంది, అరవై ఏళ్లకు పైగా ఇంజను ముందర పెట్టుకుని తిరిగింది, ఇప్పుడు కొత్త మోడల్లో ఇంజనుని వెనక్కి నెడుతున్నారు, క్లచ్ పెడల్ తీసేస్తున్నారు. అంచేత కాలితో క్లచ్ తొక్కి చేత్తో గేరు మార్చే పాత మోడల్ ఎవరి దగ్గరైనా ఉంటే అమ్ముకోకండి. ఛాలెంజర్ హెల్‌క్యాట్ ఉంది, దానికి రెండు తాళంచెవులు, ఎర్రది పెడితే పూర్తి బలం, నల్లది పెడితే బలం తగ్గుతుంది. నాకే ఆ కారుంటే అల్లుడికి నల్లదే ఇస్తాను. ముందు అల్లుడు కావాలి, దానికి ముందు పెళ్లి కావాలి, అది మీకందరికీ తెలిసిన కథే. (నవ్వులు) షెల్బీ జీటీ త్రీఫిఫ్టీ అనే మస్టాంగ్ ఉంది, దాని ఇంజను కూత వింటే... పోనివ్వండి, శశిధర్ గడియారం చూస్తున్నాడు.

ఇవన్నీ ఎడమవైపు స్టీరింగున్న బళ్లు. ప్రత్యేక పర్మిట్ తీసుకుంటే ఇక్కడ నడపొచ్చు. కార్వెట్ కొనాలని నాకు చాలా ఏళ్లు కోరిక. ఒకసారి హామిల్టన్‌లో ఒకాయన అమ్ముతుంటే వెళ్లి నడిపి చూశాను కూడా. కార్ పార్కింగ్ గేటు దగ్గర ఆగితే టికెట్ మిషను కుడివైపుంది, నేను ఎడమవైపున్నాను. పక్కన ఒక మనిషుంటే చెయ్యి చాపి తీసుకుంటారు. లేరు. బెల్టు విప్పుకుని, దిగి, కారు చుట్టూ తిరిగి వెళ్లి టికెట్ తీసుకుని వచ్చేలోపు వెనకున్న కివీ పెద్దాయన హారన్ అయినా కొట్టకుండా జాలిగా చూశాడు. ఆ చూపుతో కార్వెట్ ఆశ వదిలేశాను. తర్వాత మస్టాంగ్‌ని ఫ్యాక్టరీలోనే కుడి స్టీరింగుతో చేసి ఈ దేశానికి పంపడం మొదలుపెట్టగానే, మాన్యువల్ గేరుదే కావాలని పట్టుబట్టి ఒకటి కొన్నాను. రెండో మనిషి అవసరం లేని అమెరికన్ కారు దొరికిందని అప్పుడు సంతోషించాను.

(శాలువా తీసి మడిచి బల్ల మీద పెట్టారు)

ఇప్పుడు చెప్పేది ఉపన్యాసం కోసం రాసుకొచ్చింది కాదు. విద్యాసాగర్ గారి ఇంట్లో పదకొండేళ్లు ఆదివారం భోజనం చేశాను. వాళ్లది వరంగల్, మాది రాజమండ్రి దగ్గర, కూరలో పులుపు గురించి వాదించుకుంటూ తినేవాళ్లం. మస్టాంగ్ వచ్చిన రోజు ఆయన భార్య సావిత్రమ్మ పసుపూ కుంకుమా, నాలుగు చక్రాల కిందకీ నాలుగు నిమ్మకాయలూ, కొబ్బరికాయా పట్టుకొచ్చారు. ఒంటరివాడికి ఇవన్నీ ఎవరు చేస్తారని వచ్చారు. కాయ కొట్టి, "మొదటి రౌండు నేనెక్కాలె అన్నా" అని నవ్వుతూ పక్క సీట్లో కూర్చున్నారు. చేతులు కొబ్బరినీళ్లతో తడిగా ఉన్నాయి. సీటు మీద షోరూం ప్లాస్టిక్ ఉంది. దాన్ని చెదరకుండా ఉంచితే ముప్ఫై ఏళ్ల తర్వాత విలువ ఎంతో పెరుగుతుందని చదివి ఉన్నాను. నేను, ఈ నోటితోనే, "దిగండమ్మా, ఇది మీలాంటివాళ్లు షికారు తిరిగే కారు కాదు" అన్నాను.

ఆవిడ దిగి, కూర్చున్న చోటు కొంగుతో తుడిచి, నిమ్మకాయలు తొక్కించకుండానే వెళ్లిపోయారు. తర్వాతి ఆదివారం నేను వెళ్లలేదు. సిగ్గుపడి వెళ్లలేదు, వాళ్లు పిలవలేదని అందరికీ చెప్పుకున్నాను. అలా మూడేళ్లయింది.

ఈ మూడేళ్లలో ఆ కారు ఆరువందల కిలోమీటర్లు తిరిగింది. ఎక్కువ తిరగలేదు చూశారా అని కివీ మిత్రులు మెచ్చుకుంటారు. ఎక్కడికి తిప్పను? పక్క సీట్లో ఒకసారి పది కిలోల బియ్యం బస్తా పెడితే బెల్టు పెట్టమని కీచుకీచుమని అరిచింది. పెట్టాను. పెట్టి, ఆ బస్తాతో ట్రాఫిక్ గురించి మాట్లాడాను. నవ్వండి, ఫరవాలేదు. (ఎవరూ నవ్వలేదు)

శశిధర్, నువ్వడిగినదానికి ఇదీ నా జవాబు. ఎవరూ ముట్టుకోని కారుకి విలువ పెరుగుతుంది, సందేహం లేదు. దాన్ని అలా ఉంచడానికి ఎవర్నో ఒకర్ని దింపెయ్యాలి. నేను దింపింది ఈ దేశంలో నన్ను అన్నా అని పిలిచిన ఒకే ఒక్క మనిషిని.

సావిత్రమ్మా, మూడో వరుసలో తల వంచుకుని కూర్చున్నారు, నాకు కనిపిస్తున్నారు. ఇంతమంది ముందు ఇబ్బంది పెడుతున్నానేమో, కానీ ఒంటరిగా మీ గుమ్మందాకా నాలుగుసార్లు వచ్చి, తలుపు కొట్టకుండా తిరిగిపోయినవాణ్ణి. తప్పయిపోయింది తల్లీ. పొద్దున ప్లాస్టిక్ చింపేశాను. రేపు ఊరు వదిలే ముందు ఒక్క రౌండు, మీరూ డాక్టరుగారూ ఎక్కితే...

(సావిత్రి గారు కూర్చున్నచోటి నుంచే: "రేపు పొద్దుగాల మాకు వేరే పనున్నది అన్నా. ఇయ్యాల తిని పోండి.")

అలాగేనమ్మా. తినే వెళ్తాను.

మంచిది. రేపు ఆరింటికే బయల్దేరతాను. ఐదు గంటల దారి, టౌపో సరస్సు దగ్గర ఆగి కాఫీ తాగుతాను. పక్కన ఎవరూ లేకుండా నడపడం నాకు అలవాటే. అలవాటైందంటే బాగుందని కాదు, మీలో కుర్రాళ్లెవరూ అలా అనుకోకండి. ఈ శాలువాకీ, ఇంత ఓపిగ్గా విన్నందుకూ, వడ్డించబోయే భోజనానికీ మీకందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. సెలవిప్పించండి.