ఎల్మ్ ఒప్పుకోదంట

తిరుపతిలో, కల్యాణ మండపాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టే చిన్న ఆఫీసు. ఓనరు చక్రధర్. పని చేసేది ఆయన పిన్నమ్మ కూతురు జయంతి. పాత పేజీని ఎల్మ్ అనే కొత్త కంప్యూటరు భాషలో తిరిగి రాస్తోంది.

“ఇంకా ఒప్పుకోలేదా ఆ మహాతల్లి?”

“ఎల్మేనా? లేదన్నా. ఒగటి అడగతా ఉండాది.”

“అడగతా ఉండాదా! కంప్యూటరు మనం సెప్పింది చెయ్యల్ల జయంతీ, మనల్ని అడగకూడదు. అడిగేదానికి మా పెద్దత్త సాలదా?”

“మండపం గేటు కాడ టీవీ బోర్డు ఉండాది గదనా. పెండ్లికూతురు పేరు లేకుంటే దానిమీద ఏం రాయాలంట.”

“పెండ్లికూతురు లేకుండా పెండ్లి యాడన్నా జరిగిందా? అంత తెలివిగల్ల బాసకు ఇది గూడా తెలీదా?”

“తెలీదునా. పేరుంటే ఏం సెయ్యాల, లేకుంటే ఏం సెయ్యాల, రెండూ రాసిస్తేగానీ పేజీ కట్టనంటాది. ముహూర్తం తేదీ కాడ ఫోన్ నంబరు పెట్టినా ముందే పట్టేస్తాది. దీంట్లో అంతా ఫంక్షన్లే.”

“ఫంక్షన్లు చేసేదానికి మండపముండాది. నువ్వు పేజీ చెయ్యి. అసలు ఎవురు నేర్సుకోమన్నారు దీన్ని? ప్రపంచంలో ఇది వచ్చినోళ్లందురూ ఒగ షేర్ ఆటోలో పడతారు. డ్రైవరు పక్క సీటు ఇంకా ఖాళీ. దాంట్లో నువ్వు పొయ్యి కూసో.”

“కూసుంటాలే. మన పాత పేజీ మాత్రం...”

“దానికేం? అది రాసిన జావాస్క్రిప్ట్ బాస మా ఈదిలో కుక్క మాదిరి. ఏమేసినా తింటాది. ఒగ మాట అడగదు.”

“తినేసినాక బోర్డు మీద కక్కుతాది. శ్రావణంలో మునివెంకటప్ప మామ కొడుకు పెండ్లికి ఏం కక్కింది?”

“అది... అది సిన్న పొరపాటు.”

“ఎవురో పెండ్లికూతురి పేరు కొట్టేది మర్సిపోతే, ఆడ ఏమీ లేదని దాని బాసలో ‘సౌభాగ్యవతి అన్‌డిఫైన్డ్’ అని కక్కింది. వచ్చినోళ్లందురూ సదివింపుల కవర్ల మీద ఆ పేరే రాసినారు. అయ్యవారు మంత్రంలో సదివేసి, గోత్రం అడిగినాడు.”

“అడిగితే ఏమాయ? ఆ పాప బాగానే కాపరం చేస్తా ఉండాది గదా.”

“చేస్తా ఉండాది. వాళ్లత్త ఇప్పటికీ ఆ పేరుతోనే పిలస్తాదంట.”

“ఎగతాళి సాలించుమే. నేను శ్రీకాళహస్తికి పోవల్ల, పవిత్రోళ్లింటికి మా పెండ్లి కార్డులిచ్చేదానికి. బోర్డు మీద మా ఇద్దురి పేర్లు ఎట్ల వస్తాయో ఆమె నాయనకు ఫోన్లో సూపిస్తానని సెప్పినా. బండెక్కేలోపల పేజీ ఆన్ కావల్ల. కాకుంటే నిన్నూ నీ ఎల్మ్‌నీ తీసకపొయ్యి స్వర్ణముఖిలో కలిపేస్తా.”

“స్వర్ణముఖిలో నీళ్లు యాడుండాయినా?”

“ఇసకలో పూడ్సేస్తా.”

“అట్లనేలే. వస్తా ఉండానని వదినకు ఫోన్ చేసినావా?”

“చేసినా.”

“ఏమనింది?”

“ఎత్తలా. బ్యూటీ పార్లర్లో ఉంటాది.”

“నిన్న?”

“నిన్న... నిన్న గూడా పార్లరే.”

“గాలిగోపురానికి సున్నం కొట్టినా ఇంతసేపు పట్టదే.”

“వాళ్ల నాయన ఎత్తినాడులే. ‘సూస్తాం’ అన్నాడు.”

“ఏం సూస్తారంట?”

“నేనేం అడగలా. నువ్వు ఎల్మ్ మాదిరి మాట్లాడొద్దు.”

“పెండ్లయినాక వదినకు ఆ శ్రీ సిటీ ఉద్యోగం ఉంటాదా, మానేస్తాదా?”

“మానిపిస్తా. మొన్ననే వాళ్ల నాయనకు సెప్పేసినా.”

“వదిన సరేననిందా?”

“సరేననేదానికి ఆమెను అడిగితే గదా! ఇట్లాంటియి ఎవురన్నా అడగతారా?”

“ఎల్మ్ అడగతాదినా.”

“మళ్లా ఎల్మ్! అది తిన్నావా అని గూడా అడగతాదేమో, దాన్నే పెండ్లి సేసుకో. తీసి అవతల పారెయ్. పాత పేజీ ఎక్కించు. ఇప్పుడే.”

“ఎక్కిస్తా. ఎక్కిస్తే నీ పేరు కింద అన్‌డిఫైన్డ్ అని పడతాది.”

“ఎందుకు పడతాది? పవిత్ర పేరు నేనే కొట్టినా గదా, నా చేత్తో. పైన నా పేరు, ఎం.టెక్‌తో సహా. కింద ఆమె పేరు, సిన్నక్షరాల్లో.”

“కొట్టినావు.”

“మరి?”

“పేర్లు సరిజూసుకునేదానికి రెండు పక్కలోళ్లకీ లాగిన్ ఇస్తాం గదనా.”

“ఇస్తాం. లేకుంటే ఇంటిపేరు తప్పు పడిందని ఆడపెండ్లోళ్లు మండపంలో గలాటా చేస్తారు. అయితే ఏంది?”

“ఏం లేదు. బోర్డు మీద ఏం రాయాల్నో సెప్పునా.”

“మళ్లా అదే! అదే! ఏమైనా రాయి. పువ్వు బొమ్మ పెట్టు. వినాయకుడ్ని పెట్టు. నీకు దండం పెడతా తల్లీ, ఆ ఎల్మ్‌కి ఏదో ఒగ అబద్ధం సెప్పి ఒప్పించు.”

“ఎల్మ్ పొద్దున్నే ఒప్పుకునిందినా. అప్పట్నుంచి నిన్ను అడగతా ఉండేది నేను. వదిన నిన్న లాగిన్ అయ్యి, ఆమె పేరు ఆమే తీసేసింది.”