నాయనమ్మ ముక్కు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాయనమ్మ, ఆమె కొంగు వెనక నక్కిన మనవరాలు, అంతే. ఊళ్లో మహమ్మారి ముదిరిందని సర్కారు ఇంటింటికీ పరీక్ష పుల్లలు పంచింది. పెద్దవాళ్లు వాటిని తామే ముక్కులో తిప్పుకుని ఇవ్వాలి. ఇప్పుడు ఫలితం పట్టుకుని నర్సమ్మ గుమ్మంలోకి వచ్చింది.

“మామ్మగారూ, మీకు జబ్బు అంటుకుంది. బండి తెచ్చాను, ఆసుపత్రికి పదండి.”

“నాకేం రోగమమ్మా? గుండ్రాయిలా ఉన్నాను.”

“మీ ముక్కులో పుల్లే చెప్పింది కదా!”

“చెప్పిందిలే. కానీ ఆ ముక్కు నాది కాదు.”

“మరి ఎవరిది?”

“ఇదిగో, దీనిది. నాకు పుల్లంటే హడలు. ఒకే వంశం ముక్కులు కదా, ఎవరిదైతేనేం అనుకున్నాను.”

నర్సమ్మ నెత్తి కొట్టుకుంది.

“అంటే జబ్బు పాపకా! చిన్నపిల్ల, జ్వరం కూడా లేదు, ఇంట్లోనే విడిగా ఉంటే చాలు.”

“బతికించావు తల్లీ! ఇక బండి తోలుకుపో.”

“ఆగండి. రాత్రి పాప ఎవరి పక్కలో పడుకుంది?”

మనవరాలు మెల్లగా వేలు పెట్టి నాయనమ్మను చూపించింది.

“అయితే ఇంకో పుల్ల తీస్తున్నాను. ఈసారి తిప్పేది నేనే.”

“నాయనమ్మా, నొప్పి ఉండదు, కాస్త తుమ్ము వస్తుందంతే...” అంటూ వెంటపడిన మనవరాలి మొహం మీదే నాయనమ్మ గది తలుపు ధడాలున వేసేసుకుంది.