సోమవారం దాకా

అమెరికాలో ట్రాయ్ ఊరి బయట షూటింగ్ రేంజ్. రెండు పాత మిలిటరీ తుపాకులతో కాలుస్తున్నది విశ్వనాథం. వెనక కుర్చీలో కూర్చుని చూస్తున్నది ఒకప్పుడు ఆయన టీమ్‌లో పనిచేసిన రవికాంత్.

"ఎన్ని తగిలాయిరా?"

"రెండు, బాబాయ్."

"ఏడింట్లో రెండేనా?"

"పక్కాయన కాగితానికి తగిలింది కూడా కలుపుకుంటే మూడు."

"వెటకారమా! దీని ట్రిగ్గర్ నొక్కి చూడు, వేలు వాచిపోతుంది. నలభై నాలుగు నాటి రష్యా రివాల్వర్ ఇది, యుద్ధం చూసొచ్చింది."

"నేను ముట్టుకోను. హెచ్ వన్ వీసా మీదున్నాను. తుపాకీ పట్టుకుంటే పదకొండేళ్ళ గ్రీన్‌కార్డ్ లైన్ గంగలో కలిసినట్టేనని లాయర్ చెప్పాడు."

"ప్రతి శనివారం ఇదే చెప్తావ్."

"ప్రతి శనివారం మీరిదే అడుగుతారు. ఇక పదండి, అలిసిపోయారు. ఇంటికెళ్ళి మళ్ళీ వేణ్ణీళ్ళతో వీటిని కడుక్కోవాలిగా. పాత తూటాల మందు, కడక్కపోతే తుప్పు పడుతుందంటారుగా."

"ఇవాళ కడగను."

"అదేంటి? అన్నం మానేసి మరీ కడిగేవారు. పిన్ని తిట్టిపోసేది."

"తిట్టేది... రవీ, ఈ రెండూ నీ కార్‌లో పెట్టుకుని తీసుకెళ్ళు."

"ఇప్పుడేగా చెప్పాను, నేను..."

"రెండ్రోజులే. సోమవారం దాకా."

"రెండు నిమిషాలు కూడా కుదరదు. కిరణ్‌కుమార్‌కివ్వండి, మన పాత టీమ్ వాడేగా, సిటిజన్ కూడా. గరాజ్‌లో బోలెడు చోటుంది."

"వాడు ఎందుకని అడుగుతాడు."

"నేనూ అడుగుతున్నా. ఎందుకు?"

"ఏంటి? వినపడట్లేదు."

"చెవుల మీద ఆ మూతలు తియ్యండి ముందు. ఎందుకూ అంటున్నాను."

"దొంగల భయం."

"మీ ఇంట్లోనా? పిన్ని పోయాక ఆ టీవీ తప్ప ఏముందక్కడ?"

"అదేరా. ఏమీ లేదు."

"బాబాయ్..."

"కౌంటర్‌లో కూడా అడిగాను, ఇక్కడే ఉంచుకోండయ్యా అని. ఆ పేపర్లు చూసేవాడు సోమవారం గానీ రాడట."

"అయితే సోమవారమే ఇద్దురుగాని. మధ్యలో ఒక్క ఆదివారమేగా."

"ఆ ఒక్క ఆదివారమే నాకు గడిచేట్టు లేదు. సరిగ్గా నిద్రపోయి నెల దాటింది. లేచి ఆ తుపాకుల పెట్టె ముందు కూర్చుంటున్నా. ఊరికే. తాళం తీస్తా, మళ్ళీ వేస్తా. విసుగొచ్చిందిరా, నా మీద నాకే."

"బాబాయ్, ఇటు చూడండి. నా వైపు చూడండి."

"కంగారు పడకు. ఏమీ చెయ్యలేదుగా."

"కంగారు కాకపోతే ఏంటి! ఒక్కమాట చెప్పొచ్చుగా ఇన్నాళ్ళూ? ఏం చెయ్యమంటారు నన్నిప్పుడు? వాటిని ముట్టుకోను కూడా ముట్టుకోలేనే!"

"వాటి సంగతి వదిలెయ్. ఇంట్లో పెట్టి తలుపేసేస్తా, నువ్వు బయటే ఉండు. ఇంటి తాళంచెవి నీ జేబులో ఉంచుకో, నేనడిగినా ఇవ్వకు."

"మరి మీరు?"

"నన్ను తీసుకెళ్ళరా, రవీ."