వెనక్కి వెనక్కి, గోల్‌పోస్టు దాకా

"అవ్వా, టీవీలో ఆ హాకీ ఆయన గురించి కొట్టుకుంటుండారు. ఇంకా ఆడాలంటాడు ఒకాయన, వయసైపోయింది మానేయాలంటాడు ఇంకొకాయన. నువ్వు ఎప్పుడు మానేసినావు?"

నేనా? నా మాట రికార్డు చేసే ఆ ఫోను కొంచెం ఇట్టా జరుపు తల్లీ, పళ్ళు కట్టించుకున్న కాడి నించి నా మాటలో సగం గాలే ఉండాది. ఆఁ. టీవీలో కోటేసుకోని కూచున్నోళ్ళకి ఏం తెలుసు? మానేయమని చెప్పేది సులువు. మానేసి యాడికి పోవాలో మాత్రం చెప్పరు. నేను మానేయాల్సినప్పటికన్నా నాలుగైదేళ్ళు ఎక్కువే ఆడినాను. ఎందుకంటావా? ఒక కుర్చీకి భయపడి.

నవ్వొద్దు, నిజంగానే కుర్చీ. నాకు సికింద్రాబాదులో ఉద్యోగం హాకీ వల్లనే గదా వచ్చింది. పేరుకి క్లర్కు. పొద్దున పోయి సంతకం పెట్టేది, స్టిక్కు ఎత్తుకోని గ్రౌండుకు పోయేది. నా సీటు ఏ గదిలో ఉండాదో కూడా చానా కాలం తెలీదు నాకు. ఆట మానేస్తే పోయి ఆ సీట్లో కూచోవాల. ఇంగ్లీషులో నోటు రాయాల, టైపు కొట్టాల. నాకొచ్చిన ఇంగ్లీషంతా గ్రౌండు ఇంగ్లీషు. పాస్, మార్క్, కమాన్. ఆ మూడు మాటలతో ఫైలు ఎట్టా కదులుతుంది, నువ్వే చెప్పు.

అసలు నా చేతికి స్టిక్కు ఎట్టా వచ్చిందో తెలుసునా? ఆత్మకూరు హాస్టల్లో చదివేటప్పుడు, ఉదయగిరిలో గరిటెలు చెక్కే మస్తాన్ మామ ఉండేవాడు, మా నాయన స్నేహితుడు. స్టిక్కు కొనే తాహతు యాడుండాది మనకి? అప్పుడు బస్సెక్కాలన్నా ఆలోచించే కాలం. నాయన పోయి మామని అడిగినాడు. పాపం ఆయన ఎప్పుడూ హాకీ చూసింది లేదు. నాయన చేత్తో గాలిలో బొమ్మ గీసి చూపిస్తే దాన్నిబట్టి చెక్కినాడు. చివర లోతు పెట్టినాడు, గరిటెకి పెట్టినట్టే. డ్రిల్లు సారు దాన్ని తిప్పి తిప్పి చూసి, దీంతో గోలు కొడతావా సాంబారు పోస్తావా అన్నాడు. అయినా దాంతోనే నేర్చుకున్నాను. ఏందో చెప్తా ఏందో చెప్తుండాను. యాడున్నాను? ఆఁ, కుర్చీ.

మొదట్లో నేను ఫార్వర్డ్. ముందు లైనులో గాలి మాదిరి పరిగెత్తేదాన్ని. నేను చెప్పుకుంటే ఎచ్చులనుకుంటావు గానీ, నిజం. తర్వాత ఊపిరి ఆడక హాఫ్‌కి వచ్చినాను. అందరికీ ఏం చెప్పినానంటే, టీముకి నా అనుభవం మధ్యలో కావాలన్నాను. ఇంకొన్నాళ్ళకి బ్యాక్‌కి వచ్చినాను. అనుభవం వెనక కావాలన్నాను. అప్పటికి మోకాలు పోయింది. కుడిది. ఆ సంగతి ఎగస్పార్టీ వాళ్ళకి తెలిస్తే అటువైపే దూరతారు గదా. అందుకని క్రేప్ బ్యాండేజీ తీసుకోని, బాగుండే ఎడమ మోకాలికి కట్టేదాన్ని. వాళ్ళు దాన్ని చూసి ఎడమ పక్కకే వచ్చేవాళ్ళు, నేను ఆపేసేదాన్ని. నా అంత తెలివైనది లేదనుకునేదాన్ని. ఒక తూరి తొందరలో ఏ కాలో మర్చిపోయి నొప్పుండే దానికే కట్టుకోని దిగినాను. ఆ మ్యాచి గురించి అడగొద్దు.

చివరికి గోల్‌కీపరు. ప్యాడ్లు కట్టుకుంటే మోకాళ్ళు ఎవరికీ కనపడవు, పరిగెత్తే పని లేదు. ఇంక దానికి వెనక ఏముండాది? వల ఉండాది. వల వెనక గోడ. అట్టా వెనక్కి వెనక్కి పోయి గోడకి ఆనుకున్నాను గానీ, బయటికి మాత్రం రాలేదు.

మీ అమ్మ అప్పటికి స్కూలుకు పోతుండాది. మా సారు, అంటే మా ఆఫీసు టీముకి కోచ్, ఆయన మంచోడు. నెమ్మదిగా అనేవాడు, సువార్తా, ఆఫీసు పని కూడా కొంచెం కొంచెం నేర్చుకోరాదా అని. ఈ సీజను పోనీండి సార్ అనేదాన్ని. అట్టా ఎన్ని సీజన్లు పోయినాయో.

అప్పుడు ఆత్మకూరులో ఒక మ్యాచి పెట్టినారు. స్కూలు పండగ ఏదో చేసుకుంటా, మా ఆఫీసు టీమును పిలిపించినారు, ఆ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలతో ఆడేదానికి. ఊరికే సరదా మ్యాచి. కానీ నా ఊరు గదా. క్రిస్మస్‌కి వచ్చినప్పుడంతా మా అమ్మకి, వీధిలో ఆడోళ్ళకి, నేనింకా ముందు లైనులోనే ఆడుతుండానని చెప్పి ఉండాను. వాళ్ళకేం తెలుసు అనుకున్నాను. చర్చి ఆడోళ్ళంతా వచ్చినారు, మా అమ్మని ముందు కుర్చీలో కూచోబెట్టినారు. నేను ప్యాడ్లు కట్టుకోని, హెల్మెట్ పెట్టుకోని, కాళ్ళు ఎడంగా వేసుకుంటా గోలు కాడికి నడుస్తుంటే మా అమ్మ పక్కనామెని అడిగిందంట, "ఆ పరుపులు కట్టుకోనుండే ఆయమ్మ ఎవురు?" అని. నా పేరు మైకులో చెప్పేదాకా కన్నతల్లి నన్ను గుర్తుపట్టలేదు.

సరే, మేము ఒక గోలు వేసినాము. ఆట అయిపోవస్తుండాది. ఆ పిల్లల టీములో కొండమ్మ అని ఒకతి, కలువాయి పక్క గొర్రెలు మేపుకునేవాళ్ళ పిల్ల. ఎండలో తిరిగి తిరిగి సన్నంగా, గట్టిగా ఉండాది. మా బ్యాకుల్ని దాటేసి బంతితో ఒక్కతే వస్తుండాది. నేను ఎదురుపోయినాను. ఎదురుపోయి, ఫోటోల్లో వేస్తారే, అట్టా అడ్డంగా పడదామనుకున్నాను. మోకాలు ఒప్పుకోలేదు. అడ్డంగా పడబోయి వెల్లకిలా పడినాను. ప్యాడ్లు ఆకాశానికి. ఇటు దొర్లబోతే ఆ కాలి బరువు లాగుతుండాది, అటు దొర్లబోతే ఈ కాలి బరువు. హెల్మెట్ ముక్కు మీదికి దిగింది. కాళ్ళు చేతులు ఆడిస్తుండాను, అంతే.

నీకు గొర్రెల సంగతి తెలీదు గదా. కడుపుతో ఉండే గొర్రె వెల్లకిలా పడితే తనంతట తాను లేవలేదు. గమ్మున వదిలేస్తే కడుపుబ్బి చచ్చిపోతాది. అందుకని గొర్రెలోళ్ళ పిల్లలు యాడున్నా, ఏం పనిలో ఉన్నా, అట్టా పడింది కనపడితే చాలు, చేతిలోది పారేసి పరిగెత్తతారు. ఆలోచించరు. కాళ్ళూ చేతులూ వాటంతట అవే పోతాయి.

ఆ పిల్ల ముందర గోలు ఖాళీ. బంతి స్టిక్కుకి ఆనుకోనుండాది. చీపురుతో నెట్టినా లోపలికి పోతుంది. అది బంతిని వదిలేసి, స్టిక్కు పారేసి, నా కాడికి వచ్చి ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టి, నన్ను పక్కకి దొర్లించి నిలబెట్టినాది. నిలబెట్టి వదల్లేదు. గొర్రెని లేపినాక కాసేపు పట్టుకోవాల, లేకపోతే తూలి మళ్ళీ పడతాది. నన్నూ అట్టనే రెండు పక్కలా పట్టుకోని నిలబడింది, నా కాళ్ళు నిలదొక్కుకునేదాకా. ఈలోగా మా లలిత, మా కెప్టెను, వచ్చి బంతిని అవతలికి కొట్టేసింది. విజిల్ పడింది. గెలిచినాము. గ్రౌండంతా నవ్వులు. మా అమ్మ మాత్రం నవ్వలేదు, ఆమె హాకీలో అట్టా లేపడం కూడా ఒక రూలేమో అనుకోనుండాది.

టెంటులో కూచోని ప్యాడ్లు విప్పుకుంటుంటే లలిత వచ్చి నా వీపు తట్టింది. "అక్కా, కావాలనే పడినావు గదా? ఏం బుర్ర అక్కా నీది! నువ్వు ఇంకా రెండు సీజన్లు ఆడొచ్చు" అన్నాది. నేనేం చేసినానో తెలుసునా? నవ్వి తలకాయ ఊపినాను. ఎంత సిగ్గులేని తలకాయో చూడు. ఆ రెండు సీజన్లు ఎట్టా లాగాలని అప్పుడే లెక్కలు కూడా వేసుకుంటుండాను, ఆ కుర్చీ ఇంకా దూరం పోయిందని.

టెంటు గుడ్డకి అవతల ఆ పిల్లల డ్రిల్లు సారు కొండమ్మని తిడుతుండాడు. గోల్లో ఎవురూ లేరు, కళ్ళు కనపడలేదా, ఎందుకు కొట్టలేదు అని. ఆ పిల్ల ఏడవలేదు, బెదరలేదు. అంత తెలిసిన సంగతి సారుకి ఎందుకు తెలీలేదా అన్నట్టు అన్నాది:

"ఆ అవ్వ పడిపోయుండాది గదా సార్."

అవ్వ. ఇప్పుడు మీ అమ్మకుండే వయసు కూడా నాకు అప్పటికి లేదు తల్లీ. నన్ను పట్టుకోనున్నప్పుడు మొహం మీద అత్తా అన్నాది. అది మర్యాదకి అన్నట్టుండాది.

ఒక కాలికి ప్యాడు, ఒక కాలికి లేదు, అట్టనే కుంటుకుంటా బయటికి పోయినాను. ఆ సారుతో అన్నాను, "పిల్లని తిట్టబాకండి. తప్పు దానిది కాదు, ఆడ నిలబడిన మనిషిది. ఈ పొద్దుతో నేను ఆడను." అన్నాక నాకే వినపడింది ఏమన్నానో. వెనక్కి తీసుకుందామా అనిపించింది గూడా. కానీ చెప్పింది ఆత్మకూరులో గదా, ఆ మాట సాయంత్రానికి ఊళ్ళు దాటి సోమశిల దాకా పోయుంటాది.

సోమవారం పోయి ఆ కుర్చీలో కూచున్నాను. పక్క సీటు అమ్మాయితో నాకు ఏమీ రాదని చెప్పేసినాను. ఏళ్ళ తరబడి భయపడింది ఆ ఒక్క మాట చెప్పేదానికే. ఆ అమ్మాయి ఓహో అని, కుర్చీ నా పక్కకి జరుపుకున్నాది. అంతే జరిగింది. రిటైరయ్యేదాకా నా నోట్లలో తప్పులు ఉండినాయి. ఆఫీసు మూతపడలేదు.

ఇప్పుడు మీ టీవీ ఆయన సంగతి నన్నడిగితే... వయసు చూడబాకండి. ఎగస్పార్టీ వాళ్ళు ఆయన మీదికి బంతిని ఇంకా గట్టిగా కొడుతుండారా, లేదా, అది చూడండి. కొడుతుంటే ఆడనీయండి. ఆయన్ని చూసి ఎవురన్నా చెయ్యి ఆపినారా, ఆ రోజు ఇంటికి పొమ్మనండి. ఆ కోటేసుకున్నోళ్ళు కాదు చెప్పాల్సింది, ఎదురుగా ఆడే పిల్లలు. వాళ్ళు నోటితో చెప్పరు, అదే తంటా...

నువ్వు కూడా పొద్దస్తమానం ఆ బ్యాడ్మింటన్ అంటా ఎగురుతుంటావు. ఎగురు తల్లీ, ఎగురు. ప్రభువు దయ వల్ల నీ మోకాళ్ళు చల్లగా ఉండాల, రెండూ. నిన్ను చూసి ఎవురూ జాలిపడి చెయ్యి ఆపగూడదు, బాగా కొట్టాల, నువ్వు తిరిగి కొట్టాల. ఇంకేందో చెప్పాలనుకున్నాను... కొండమ్మ, ఆ పిల్ల ఇప్పుడు యాడుందో ఏమో. దానికి కూడా మనవరాళ్ళు పుట్టే వయసు వచ్చుంటాది...