ఇన్నయ్య గారి వాల్వు సెట్టు

పెద్దలారా, మిత్రులారా, జోసెఫినమ్మ గారూ!

ఇంత ఎండలో ఇంతమంది ఈ పఠనమందిరానికి వచ్చారు. బల్లలు చాలలేదు, మన్నించండి. మన ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించిన ఇన్నయ్య గారు ఇక లేరు. వీధిలో రకరకాలుగా చెప్పుకుంటున్నారు గనుక, జరిగింది జరిగినట్టు ముందుగా వరుసన మనవి చేస్తాను.

ఒకటి. గడచిన ఆదివారం ఆయన చర్చిలో పూజ ముగించుకొని ఇంటికి వచ్చారు.

రెండు. తమ వాల్వు ఆంప్లిఫయరు స్విచ్చి వేశారు. లోపలి గాజు వాల్వులు ఎర్రబడితే గాని ఆ సెట్టు పలకదు. ఈలోగా కాఫీ అడిగారు.

మూడు. వారి ఇల్లాలు జోసెఫినమ్మ గారు కాఫీ తెచ్చేసరికి సెట్టు వేడెక్కింది. మనిషి చల్లబడిపోయారు.

నాలుగు. గుండె ఆగిందని డాక్టరు గారు తేల్చారు. కరెంటు కొట్టిందన్న మాట అబద్ధం. సెట్టు మూత బిగించే ఉంది. గిటారు ఇంకా గోడకే ఉంది. ఆయన ప్రాణంగా చూసుకున్న వస్తువు మీద దయచేసి హత్యానేరం మోపకండి.

ఐదోది ఇంకా జరగలేదు. అమలాపురంలో ఆర్కెస్ట్రా నడిపే లక్ష్మణరావు గారు ఆ సెట్టు కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నారు. వారి వ్యాను రేవులో ఉంది. ఆఖరి పంటు ఆరున్నరకు గోదావరి దాటుతుంది. సెట్టు ఆ పంటు ఎక్కాలా, వద్దా? "నా వల్ల కాదు అన్నయ్య గారూ, సభలో మీరే తేల్చి చెప్పండి" అన్నారు జోసెఫినమ్మ గారు. అందుకే ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నానే గాని, నా చూపు మాటిమాటికీ గుమ్మం వైపు పోతోంది.

వాల్వు సెట్లంటే పడిచచ్చేవాళ్లం ఈ యానాంలో నలుగురం ఉన్నాం. సెట్టుకు అద్దాల బీరువా చేయించి, దండ వేసి, ఈ మందిరంలోనే ఉంచాలని మా కోరిక. ఆ మాట మొదట అన్నది నేనే. అలా ఎందుకు ఉంచాలో కారణాలు రాసుకొని మరీ వచ్చాను. కాని కారణాలకు ముందు మనిషిని తలచుకోవాలి కదా?

రేడియో షాపు సూర్యనారాయణ గారు రెండో వరుసలో ఉన్నారు. అప్పట్లో వారు ఇన్నయ్య గారిని ఎన్ని మాటలనేవారు! "ఇది సెట్టా, వడ్ల బస్తానా అండీ? మా ట్రాన్సిస్టరు సెట్టయితే సంకలో పెట్టుకుపోవచ్చు!" ఇన్నయ్య గారు తొణికేవారు కాదు. "సంకనెక్కింది సంకలో పిల్లాడిలాగే ఏడుద్ది బాబూ. మాది పొట్టలోంచి మాట్టాడుద్ది." నవ్వండి సూర్యనారాయణ గారూ. నవ్వితే ఆయన ఏమీ అనుకోరు.

మెట్టకూరు పెళ్లి గుర్తుందా? స్పీకరు తగిలించకుండా వాల్వు సెట్టు నడిపితే అందులోని ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. ఆ సంగతి తెలియని ఒకాయన స్పీకరు పెట్టెను పక్కకు జరుపుతూ వైరు పీకేశాడు. సెట్టు స్విచ్చికి చెయ్యి అందలేదు. ఇన్నయ్య గారు వేదిక మీది నుంచి దూకారు. పందిరి మెయిన్ స్విచ్చి లాగేశారు. సరిగ్గా జీలకర్ర, బెల్లం పెట్టే సమయం! పందిరంతా చీకటి! పెళ్లికూతురి తండ్రి వెంకటేశ్వరరావు గారు గర్జించారు. "నీ పెట్టె కోసం నా కూతురి ముహూర్తం ఆపుతావటయ్యా?" ఇన్నయ్య గారి జవాబు ఏమిటి? "ఆయ్, ముహూర్తం చీకట్లోనూ అవుద్దండి. ట్రాన్స్‌ఫార్మరు కాలితే ఆ తీగంతా మళ్లీ ఎవడు చుడతాడండి?" లాంతరు వెలుగులో పెళ్లి జరిగింది. దంపతులు చల్లగా ఉన్నారు. సెట్టూ చల్లగా ఉంది.

ఆ సెట్టుకు గొంతు ఆయనది, ఛాతీ నాది. అంటే, దానికి తగిలించే స్పీకరు పెట్టె నేను చేసింది. పదిహేనంగుళాల స్పీకర్లు రెండు, టేకు చెక్క, ఎవరూ నేర్పకుండా తప్పులు చేసి దిద్దుకుంటూ చేసిన పెట్టె. నిరుడు వరదలో గోదావరి మా ఇంట్లోకి వచ్చింది. పెట్టె మునిగింది. స్పీకర్ల కాగితం నాని చిరిగింది. ఇక ఇది పలకదని, తుడిచి, గుడ్డ కప్పి, జ్ఞాపకంగా దాచుకున్నాను. ఇన్నయ్య గారు వచ్చి ఆ గుడ్డ లాగి అవతల పారేశారు. పల్చటి కాగితం ముక్కలు, గోందు తీసుకొని నేల మీద కూర్చున్నారు. చిరుగు చిరుగుకూ అతుకు వేశారు. వేస్తూ నన్ను చూడకుండానే అన్నారు: "దాస్తే ఏం మిగులుద్దండీ? చెక్క మిగులుద్ది. మోత మిగలదు."

మిత్రులారా, ఈ మాట చెబుతానని నేను రాసుకోలేదు. చెప్పాక నా కారణాలు చదవడానికి నోరు రావడం లేదు. అద్దాల బీరువాలో ఏం పెట్టబోయాం మనం? ఎవరి కోసం? వాయించే మనిషి గుమ్మంలో నిలబడి ఉండగా, దండ వేసి దేన్ని కాపాడబోయాం?

లక్ష్మణరావు గారూ, సెట్టు తీసుకువెళ్లండి. జోసెఫినమ్మ గారూ, ఇది నా నిర్ణయం. తప్పయితే ఇప్పుడే, అందరి ముందూ చెప్పండమ్మా.

వారు సరేనని తల ఊపారు. అందరూ చూశారు కదా?

ఇంకొక్క మాట. వేరే పెట్టె తగిలిస్తే ఆ సెట్టు ఆ సెట్టు కాదు. అందుచేత నా పెట్టె కూడా వెళుతుంది. వద్దనకండి లక్ష్మణరావు గారూ. మళ్లీ అడిగితే నేను ఇవ్వలేకపోవచ్చు. అది మోయడానికి నలుగురు కావాలి. సూర్యనారాయణ గారూ, మీరొక మూల పట్టండి.

అయితే ముందు ఇన్నయ్య గారి కోసం అందరం లేచి, రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. పంటు వేళవుతోందని నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. అయినా నిలబడతాను. లేవండి.

సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలు.
కర్రి వీరరాఘవులు